హద్దుల మధ్య ముత్తాత

తద్దినం నాడు పంతులుగారు మూడు పేర్లు అడుగుతారు. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు. వసు, రుద్ర, ఆదిత్య రూపాలని చెప్పి ముగ్గురికీ పిండాలు పెట్టిస్తారు. నాలుగో పేరు అడగరు. రేపు నేను పోయాక మావాడు పీట మీద కూర్చుంటే (కూర్చుంటాడనే అనుకుందాం) కింది వరసలో నేను చేరతాను, పై వరసలోంచి మా ముత్తాత దిగిపోతాడు. ఇందులో ఎవరి మతిమరుపూ లేదు. మూడు తరాలు మోశాక నాలుగోవాణ్ణి దించెయ్యమని పద్ధతే చెప్పింది. మనుషులు ఎంతవరకు గుర్తుపెట్టుకోగలరో పెద్దవాళ్ళు బాగానే అంచనా వేశారు.

అలా దిగిపోయేలోగా పేరు కాకుండా ఆయన గురించి ఇంకేమైనా తెలుస్తుందేమో చూద్దామనిపించింది. రిటైరయ్యాక పుట్టే బుద్ధుల్లో ఇది కాస్త ఖర్చు తక్కువదనుకుని మొదలుపెట్టాను.

ఒకప్పుడు ఈ పని మనం చేసుకోనక్కర్లేదు. వంశాలు చెప్పేవాళ్ళే గుమ్మంలోకి వచ్చేవారు. తెలుగునాట చాలాచోట్ల కాపుల ఇళ్ళకు, రెడ్ల ఇళ్ళకు పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి, గోత్రం దగ్గర ఎత్తుకుని, ఇంటిపేరు ఎలా వచ్చిందో, ఏ ఊళ్ళోంచి ఏ ఊరికి కదిలారో, ఎవరికి ఎందరు కొడుకులో ఏకధాటిగా చెప్పి ధాన్యం కొలిపించుకుని వెళ్ళేవారు. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్ళు ఉండేవారు. ఎవరి కులానికి వాళ్ళ నడిచే రిజిస్టరు అన్నమాట. అయితే ధాన్యం ఇచ్చే ఇంటివాడి ముందు నిలబడి మీ తాత ఊరొదిలి పారిపోయాడని ఎవరు చెబుతారు? అందుకని ఆ వంశాల్లో అందరూ వీరులే, అందరూ దాతలే. వినడానికి బాగుంటుంది. నా పనికి చాలదు. పైగా మా ఊరికి అలాంటివాళ్ళు వచ్చి ఎన్నాళ్ళయిందో చెప్పగలిగిన వాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

ఇక మిగిలింది కాగితం. కాగితాల విషయంలో మా ఉత్తరాంధ్ర రైతుల జాతకం ఏమంత గొప్పది కాదు. మా ఊరు జమీందారీ గ్రామం. 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చినప్పటి నుంచి కుంపిణీవాడికి కావలసింది జమీందారు కట్టే పేష్కస్సు మాత్రమే. కింద దున్నేవాడు అప్పన్నో రామన్నో వాడికెందుకు? ఆ లెక్కలన్నీ ఎస్టేటు కచేరీలో ఉండేవి, జమీందారీలతోపాటే చాలామట్టుకు పోయాయి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, తర్వాత సర్వే జరిగి, సెటిల్‌మెంటు రిజిస్టరు తయారయ్యేసరికి మా ముత్తాత లేడు. అందులో ఉన్నది మా తాత. రైత్వారీ జిల్లాలవాళ్ళు మాకంటే అదృష్టవంతులు, వాళ్ళ పట్టాలు ఇంకా వెనక్కి పోతాయి. ఇనాం భూములున్న వాళ్ళ సంగతి మరీ మేలు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారసులెవరు అని గడులు గీసి రాయించింది. కాబట్టి గుళ్ళో సన్నాయి ఊదినందుకు అరెకరం మాన్యం పొందినవాడి తాత పేరు దొరుకుతుంది. ఆ పక్క చేను దున్నిన రైతు తాత పేరు దొరకదు.

జనన మరణాల రిజిస్టర్లు చూడమని చాలామంది సలహా ఇచ్చారు. చూశాను. కరణంగారో మునసబుగారో పురుడు జరిగిన వారంలోనే రాసేవారు కాబట్టి అప్పటికి బిడ్డకు పేరు పెట్టి ఉండరు. "మగ" అని ఉంటుంది, తండ్రి పేరుంటుంది, అంతే. ఆ మగ శిశువు బతికి పెద్దవాడయ్యాడా, పురిట్లోనే పోయాడా అన్నది మరణాల పుస్తకంలో వెతుక్కోవాలి. 1984లో కరణాలను, మునసబులను తీసేశాక కొన్ని ఊళ్ళ పుస్తకాలు పై ఆఫీసులకు చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. మా ఊరివి రెండో రకం. జనాభా లెక్కల మాట ఎత్తకండి. ఇంగ్లండులో వందేళ్ళు దాటిన సెన్సస్ కాగితాలు పేర్లతో సహా జనం ముందు పెడతారు, 1921 నాటివి 2022లో పెట్టారు. మన చట్టంలో వాటిని ఎవరూ తెరిచి చూడకూడదు. కోట్ల మందిని ఇంటింటికీ తిరిగి రాసుకుని, చివరికి మనకు మిగిల్చింది మొత్తాలు.

మాలమాదిగల ఇళ్ళవాళ్ళకు నాకు లేని ఒక దారి ఉంది, క్రైస్తవంలోకి వెళ్ళిన కుటుంబాలైతే. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషన్లు పుస్తకాలు రాసుకునే అలవాటున్న సంస్థలు. ఊరి లెక్కల్లో పేరే లేని మనిషికి చర్చి పుస్తకంలో పేరు దక్కింది.

చివరికి నన్ను ఆదుకున్నది రిజిస్ట్రారు ఆఫీసు. భూమి అమ్మినా, తాకట్టు పెట్టినా అక్కడ పుస్తకంలోకి దస్తావేజు నకలు ఎక్కుతుంది. పేర్ల ఇండెక్సు ఒకటి, ఊళ్ళ ఇండెక్సు ఒకటి ఉంటాయి. పేర్ల ఇండెక్సుతో మొదలుపెట్టకూడదని మొదటి గంటలోనే తెలిసింది. సింహాచలం దేవుడు మా వైపు ఎంత దగ్గరవాడో ఆ పుస్తకం చూస్తే అర్థమవుతుంది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం, సింహాద్రి, మళ్ళీ అప్పన్న. దానికితోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఒకటి. తరం విడిచి తరం అవే రెండు పేర్లు మారుతూ వస్తుంటాయి, ఏ అప్పలస్వామి ఎవరికి తాతో ఎవరికి మనవడో సంవత్సరం చూసి తేల్చుకోవాలి. ఒడ్డున పడేసేది ఇంటిపేరొక్కటే.

ఊరి ఇండెక్సులోంచి వెళితే దొరికింది. 1926 నాటి స్వాధీన తనఖా దస్తావేజు. కరణంగారి గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా రాసిన పేజీన్నర. ఎకరా ముప్పై సెంట్ల మెట్టను నూట ఇరవై రూపాయలకు ఒక షావుకారుకి స్వాధీనపరచి, రంగం (అంటే రంగూన్) ప్రయాణపు ఖర్చుల నిమిత్తం, ముదరా అప్పుల నిమిత్తం సొమ్ము ముట్టించుకున్నట్టు రాసి ఉంది. ఐదేళ్ళు గడువు. కింద ఇద్దరు సాక్షులు, ఒకడు సంతకం, ఒకడు నిశానీ. ముత్తాతది వేలిముద్ర అని నకలులో రాశారు. అసలు ముద్ర షావుకారు దగ్గరున్న కాగితం మీద ఉండాలి. ఆ బొటనవేలు గీతలు చూడాలని ఎంత ఆశపడ్డానో, అది ఎవరింట్లో చెదలు తిందో!

ఇలాంటి దస్తావేజుల్లో ఎవరూ చదవని భాగం హద్దులు. నాలుగు దిక్కులా ఏముందో కొనేవాడు, లాయరు తప్ప ఎవరూ పట్టించుకోరు. వంశం వెతికేవాడికి ప్రాణం అక్కడే ఉంది. తూర్పు చెరువు గట్టు. దక్షిణం ఫలానా వారి మెట్ట. పడమర బండి బాట. ఉత్తరం, "నా తమ్ముని జిరాయితీ". తమ్ముడి పేరు కూడా రాశారు. మా ఇంట్లో ఆ తమ్ముడి మాట నేను ఏనాడూ వినలేదు. ఏ పెళ్ళి శుభలేఖలోనూ, ఏ దాయాదుల మైల కబురులోనూ ఆ శాఖ లేదు. ఉన్నాడని చెప్పాలని ఎవరూ రాయలేదు. అన్న భూమి ఎక్కడ ఆగుతుందో చెప్పాలి కాబట్టి తమ్ముడు కాగితంలోకి వచ్చాడు.

రాని మనిషి ఇంకొకరున్నారు. మా తాతమ్మ. మొగుడు రంగం వెళ్ళాక ఇల్లు నడిపింది ఆవిడే. కొడుకును పెంచింది ఆవిడే. ఇంట్లో ఆవిణ్ణి పుట్టింటి ఊరి పేరుతోనే పిలిచేవారట, అసలు పేరు మా చిన్నాన్నకే తెలియదు. తనఖాలో లేదు, పట్టాలో లేదు. ఆస్తి ఉన్న ఇంటి కోడలు ఆస్తి కాగితంలో ఎక్కడుంటుంది? భర్త పోయి, కొడుకు మైనరై ఉంటే గార్డియన్‌గా వచ్చేది. భర్త బతికుండటం వల్ల ఆవిడ పేరు పోయింది.

ఈ బాధలో ఉండగానే డర్బన్ నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, తెలుగు పాటలు కొన్ని వచ్చు. తెలిసినవాళ్ళు మా ఇంటికి పంపారు, "ఇలాంటి పిచ్చే మీకూ ఉందటగా" అని. ఆవిడ సంచిలోంచి తీసిన జెరాక్సు కాగితం చూసి నాకు నిజంగా కన్నుకుట్టింది.

దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళిన కూలీల ఓడ జాబితా అది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి జట్టుతో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరకు తోటలకు, గనులకు, రైలుమార్గాలకు వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఒక వరస. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. చంటిబిడ్డకు కూడా వేరే నంబరు. ఆవిడ ముత్తమ్మమ్మ వరసలో గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంది. శ్రీకాకుళం అప్పటికి గంజాంలోదే. వయసు ఇరవై రెండు. తండ్రి పేరు అప్పన్న, ఇంకెవరు! భర్త గడి ఖాళీ. తర్వాతి నంబరు ఏడాది పిల్ల. ఒంటి గుర్తులు: ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, కుడి మోకాలి మీద మచ్చ.

భర్త లేకుండా, చంకన పిల్లతో మద్రాసు దాకా వెళ్ళి ఓడెక్కిన మనిషి. ఆ ఊళ్ళో ఆవిడకు సెంటు భూమి ఉండే వీల్లేదు. ఊరు ఆవిణ్ణి ఎప్పుడో మరిచిపోయింది. అయినా ఆవిడ మోకాలి మీద మచ్చ ఎక్కడుందో నూట ముప్పై ఏళ్ళ తర్వాత నేను చెప్పగలను. అదే జిల్లాలో, నాలుగెకరాల ఇంటికి కోడలై వచ్చి ఆ ఇంట్లోనే కన్నుమూసిన మా తాతమ్మ పేరు చెప్పలేను.

దీనికి మురిసిపోవలసింది ఏమీ లేదు. మచ్చ రాసుకున్న గుమాస్తాకి ఆవిడ మీద అభిమానం కాదు. తోట నుంచి పారిపోతే పట్టుకోవాలి. ఒకరి పాసు మీద ఇంకొకరు తిరగకుండా చూడాలి. ఒప్పందం ప్రకారం పని చేయించుకోవాలి. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని నిబంధన ఉంది కాబట్టి ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాలి. మారిషస్‌లోనైతే ఫోటోలే తీశారు, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఫోటోల్లో ఎవరూ నవ్వరు. శిస్తు కోసమో, అప్పు కోసమో, పట్టుకోవడం కోసమో రాసిన కాగితాల్లోనే మనం తాతముత్తాతల్ని వెతుక్కుంటున్నాం. వాళ్ళ దగ్గర ఎవరికేం కావలసి వచ్చిందో ఆ మేరకే వాళ్ళు మనకు కనిపిస్తారు. మా తాతమ్మ దగ్గర సర్కారుకి కావలసింది ఏమీ లేకపోయింది.

ఊరు వెతకడానికి ఆవిడతో నేనూ తిరిగాను. జాబితా ఇంగ్లీషులో రాసిన గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఊరి పేరును మూడు రకాలుగా చదవొచ్చు, మూడు రకాల ఊళ్ళూ ఉన్నాయి. ఒక ఊళ్ళో రామమందిరం అరుగు మీద కూర్చున్న పెద్దాయన అంతా విని, "ఇంటిపేరేటమ్మా?" అన్నాడు. ఆవిడ "నాయుడు" అంది. ఆయన నావైపు చూశాడు. "నాయుడంటే సరే. ఇంటిపేరడుగుతున్నాను బాబూ." జాబితాలో అన్ని గడులు గీసినవాళ్ళు ఇంటిపేరుకి గడి గియ్యలేదు. మనిషికీ తండ్రికీ మధ్య రెండు పేర్లు చాలనుకున్నారు, వాళ్ళకు అక్కరకొచ్చే గుర్తు నంబరు. సముద్రం దాటాక బిరుదులే ఇంటిపేర్లయ్యాయి. ఊరిని, వరసను, మేనరికాన్ని పట్టి ఉంచే ఆ చిన్నమాట మద్రాసు డిపోలోనే జారిపోయింది.

కులం గడి సంగతీ అంతే. పెద్దాయన తర్వాతి ప్రశ్న అదే కావడంతో ఆవిడ తడబడింది. జాబితాలో ఉన్నది ఒకటి, ఆవిడ ఇంట్లో చెప్పుకునేది ఇంకొకటి. ఆ గడిలో ఏముందో నేనిక్కడ రాయను. ఓడెక్కినప్పుడు ఒక కులం, దిగి పదేళ్ళు కాపురం చేశాక ఇంకో కులం అయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊళ్ళో ఉండి ఏడు జన్మలెత్తినా చెయ్యలేని పని అది. చేసినవాళ్ళను చూసి నాకు ముచ్చటే వేసింది. తిరుగు ప్రయాణంలో ఆవిడ కారులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మీకు ఊరుంది. వెళితే మీరెవరో చెప్పేవాళ్ళున్నారు." నాకు ఊరుంది, నిజమే. ఆవిడకున్న కాగితం నాకు లేదు.

ఎందుకు లేదో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తేలిగ్గానే తెలిసింది. నాటాల్ పరదేశం, రంగం స్వదేశం. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. మద్రాసు వెళ్ళడానికి పాసు అక్కర్లేనట్టే రంగూన్‌కీ అక్కర్లేదు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చేవాడు, కళింగపట్నంలోనో భీమిలిలోనో విశాఖలోనో కాకినాడలోనో స్టీమరెక్కించేవాడు. డెక్కు మీద వందలకొద్దీ మనుషులు, తలకింత అని టికెట్టు. ఎవరి పచ్చబొట్టూ ఎవరూ చూడలేదు. బియ్యం మిల్లుల్లో, రేవులో, పడవల మీద పనిచేసి, కోతల కాలం అయ్యాక కొందరు తిరిగొచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశం వాళ్ళే. రేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు, కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తేలి పాతవాళ్ళు తిరిగొచ్చేసరికి బర్మావాళ్ళను వెళ్ళిపొమ్మన్నారు. అక్కడ రాజుకున్న గొడవ ఊరంతా అంటుకుని కూలీలను వెతికి వెతికి చంపారు. చనిపోయినవాళ్ళ అంకెలు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. పేరుపేరునా రాసిన పుస్తకం నా కంటబడలేదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు పట్టి నడిచి వచ్చారు. మా ముత్తాత అలా నడిచి వచ్చినవాళ్ళలో ఒకడని ఇంట్లో చెబుతారు. ఇంటికి చేరిన రోజున వాకిట్లో కుక్క మొరిగితే భయపడి బయటే కూర్చుండిపోయాడని కూడా చెబుతారు. ఈ రెండో మాట వల్లే మొదటిది నమ్ముతున్నాను. గొప్పకోసం కల్పించేవాడు కుక్కను కల్పించడు.

గొప్పకోసం కల్పించిన మాట వేరే ఉంది. రంగం డబ్బుతో చెరువు గట్టు కింద మెట్ట కొన్నాడని మా చిన్నాన్న చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చాడు. తర్వాత ఎవరో మోసం చేసి రాయించుకున్నారట. ఆ కోపంతో షావుకారు మనవల ఇంట్లో పెళ్ళికి కూడా వెళ్ళడు. నాకు దొరికిన రెండో దస్తావేజు 1932 నాటిది. అవే ఎకరా ముప్పై సెంట్లు, అవే నాలుగు దిక్కులు. బియ్యం ధర పడిపోయి రంగూన్‌లో కూలి దొరకని రోజులవి. తనఖా అసలు, వడ్డీ కలిపి, పైన కొంత సొమ్ము ముట్టించుకుని అదే షావుకారుకి క్రయం రాసిచ్చాడు ముత్తాత. మోసం లేదు, మర్యాదగా సాక్షులతో జరిగింది. ఈసారి ఉత్తరపు హద్దులో తమ్ముడు లేడు. అక్కడా షావుకారి పేరే ఉంది. ఆ ఆరేళ్ళలో తమ్ముడు కూడా భూమి వదులుకుని ఓడెక్కాడనే నేననుకుంటున్నాను, వెళ్ళిన ఏడు 1930 కాకపోతే బాగుండును.

వంశవృక్షం పెద్ద కాగితం మీద గీసి, పిల్లలకు పంపే ముందు చిన్నాన్నకు ఫోను చేసి చెప్పాను. తాతమ్మ పేరు దగ్గర పుట్టింటి ఊరి పేరే పెడుతున్నానంటే ఊఁ అన్నాడు. కూతుళ్ళ సంతానం కూడా రాస్తున్నానంటే, కాగితం చాలుతుందా అన్నాడు. తమ్ముడి సంగతి చెప్పగానే గొంతు మారింది.

"తమ్ముడెవడ్రా? మా తాత ఒక్కడే కొడుకు."

"ఆయనే వేలిముద్ర వేసి చెప్పాడు చిన్నాన్నా, పక్క చేను నా తమ్ముడిదని."

కాసేపు ఊపిరి వినిపించింది. తర్వాత అసలు సంగతికొచ్చాడు. "వాడి తాలూకు వాళ్ళెవరైనా దిగబడి వాటా అడిగితే?"

"దేంట్లో వాటా? రంగం డబ్బుతో ఆ మెట్ట కొనలేదు. మెట్ట తాకట్టు పెట్టి రంగం వెళ్ళాడు. తర్వాత ఆయనే అమ్మేశాడు, నా దగ్గర నకలుంది."

ఇంట్లో ఎవరో కాఫీ ఇచ్చినట్టున్నారు, గ్లాసు చప్పుడైంది.

"సరే, తమ్ముణ్ణి రాసుకో," అన్నాడు చిన్నాన్న. "ఆ అమ్మిన మాట మాత్రం రాయకు."